తడబడని అంకె

కురిచేడు రైలుకట్ట పక్కన దొరికిన శవం జేబులో ఒక కాయితం ఉంది. దాని మీద ఒకే అంకె ఏడుసార్లు రాసి ఉంది. 0.012. వెనక పక్క ఒకే మాట. "నాలుగోది."

శవం పేరు కరుణాకరం. ప్రైవేటు సర్వేయర్. కదిలే బండి దిగబోయి జారిపడినాడని చూసినవాళ్లూ చెప్పినారు, చూడనివాళ్లూ చెప్పినారు. ఇరవై రెండేళ్లు రాళ్లగుట్టల మీద ట్రైపాడ్ భుజాన వేసుకొని తిరిగిన మనిషి. ఆ కాలు జారే కాలు కాదు. తోసిన చెయ్యి ఒకటుంది.

మూడో రోజు పొద్దున మార్కాపురంలో పలకల గోడౌన్ల వెనక సందులో ఉన్న జిరాక్సు దుకాణంలోకి మిస్బా పోయింది. ఆధార్ కాపీలకు వచ్చిన నలుగురినీ పంపించినాక దుకాణదారు జీవరత్నం షట్టర్ సగం దించినాడు. బయటికి జిరాక్సు. లోపల, ఈ పడమటి మండలాల్లో దేశం పెట్టుకున్న చెవి. ఆ చెవికి కాళ్లు మిస్బా. పలకలు ప్యాకింగ్ చేసే ఇంట్లో పుట్టింది. ముప్పై ఒక్క ఏళ్లు. ఆరేళ్లుగా గూఢచారి.

"కరుణాకరం మనోడు," అన్నాడు జీవరత్నం.

"చంపింది?"

"ఆఫ్‌సెట్. విదేశీ ముఠా. ఏ దేశమో ఫైల్లో నల్ల సిరాతో కొట్టేసినారు. నాక్కూడా చెప్పరు."

"ఆయుధం?"

జీవరత్నం ఒక టాబ్లెట్ తీసి బల్ల మీద పెట్టినాడు. తెర మీద "నీడిల్ ఫీల్డ్" అని పేరు మెరిసింది.

పొలం కొలిచే సాఫ్ట్‌వేర్ అది. పొలంలో రెండు మిషన్లుంటాయి. టోటల్ స్టేషన్ దుర్భిణిలాంటిది, ఎదురుగా కర్రకు కట్టిన అద్దం మీదికి వెలుగు వేసి దూరం, కోణం చెప్తుంది. రోవర్ ఉపగ్రహాల సిగ్నల్ పట్టుకొని తానున్న చోటు చెప్తుంది. రెండూ తెచ్చిన అంకెలను కలిపి తెర మీద గీత గీసేది సాఫ్ట్‌వేర్. మిషన్లు అబద్ధమాడవు. మధ్యలో ఉన్న దుబాసీ ఆడితే ఎవరికి తెలుస్తుంది? నీడిల్ ఫీల్డ్‌ను ఉచితంగా పంచినారు. ఉచితం అంటే మనవాళ్లు ఎగబడతారు. నలభై ఊళ్ల రీసర్వే దాంతోనే జరిగింది.

"అది ఏం చేస్తదో కరుణాకరం కనిపెట్టినాడు. నాకు చెప్పేలోపల పోయినాడు. రేపు సాయంత్రం ఐదుకు నలభై ఊళ్ల హద్దులూ ఒకే బ్యాచ్‌గా సర్వర్లో లాక్ అవుతాయి. లాక్ అయినాక కోర్టుకు పోయినా మనవలే తీర్పు వింటారు."

"పైవాళ్లకు చెప్పు అన్నా. ఆపుతారు."

"ఏమని చెప్పాలి? ఊరికి మూడు చెక్ పాయింట్లు, కొలత ముందే తెలిసిన చోట్లు. అన్నిట్లో పచ్చ టిక్కు. పచ్చ టిక్కు కనపడితే మన ఆఫీసర్లు పెళ్లాం మాట కూడా నమ్మరు. పైగా పైన ఎవడు ఎవడి మనిషో నాకు తెలీదు."

నీడిల్ పంచిన కంపెనీ లోపల కూడా మన మనిషి ఒకరున్నారని కరుణాకరం ఒకసారి అన్నాడంట. పేరు చెప్పలేదు. గుర్తుమాట మాత్రం ఉంది. "కంది పూతకొచ్చిందా" అంటే "మంచు చూసి చెప్తా" అనాలి.

"ఆ మాట ఎవరన్నా చెప్తే నమ్మాలా?" మిస్బా అడిగింది.

"కరుణాకరం బతికున్నప్పుడు ఇచ్చిన మాటో, చచ్చేముందు లాక్కున్న మాటో నువ్వే తేల్చుకో."

సచివాలయం సర్వేయర్‌గా డెప్యుటేషన్ కాయితం ఇచ్చినాడు. తర్వాత మూడు పరికరాలు. ఒక ఇనుప టేపు, ఒక పెన్సిలు, ఊరి పాత సర్వే పుస్తకం జిరాక్సు.

"ఇంతేనా?"

"సిగ్నల్ లేకుండా పనిచేసేవి ఇవే."

మర్నాడు ఎనిమిది గంటలకల్లా మిస్బా చంద్రశేఖరపురం దాటి బోడిరాళ్లపల్లె పొలాల్లో ఉంది. బండిదారి మీద ఆ చివరా ఈ చివరా ముళ్ల కంప అడ్డం పడి ఉంది, దారి నాదంటే నాదని రెండిళ్లవాళ్లూ వేసింది. ఒక చివర కంప ఓబులమ్మది. రెండో చివరది ఆమె మరిది అంకన్నది. మిస్బా స్కూటీ అవతల ఆపి, టోటల్ స్టేషన్ పెట్టె భుజానేసుకొని గట్టు మీదుగా నడిచిపోయింది.

గొడవేందో ఓబులమ్మ గట్టు మీదే చెప్పింది. మొగుడు పోయి తొమ్మిదేళ్లు. ఎకరన్నర బత్తాయి తోట. గట్టుకు ఆరడుగుల్లో బోరు. ఏడు వందల అడుగుల లోతు, నాలుగు బోర్లు ఎండినాక పడిన ఐదోది. మొన్న నీడిల్ గీత ఎనిమిది అడుగులు తూర్పుకు జరిగి వచ్చింది. బోరు అంకన్న పొలంలోకి పోయింది. అంకన్న కొడుకులు హద్దురాయి పీకి కొత్త గీత మీద పాతినారు. ఓబులమ్మ అల్లుడు గొడ్డలి తెచ్చినాడు. ఆ పూటకు ఊరోళ్లు పట్టుకున్నారు.

"ఐదు గంటలకు లాకో ఏందో అయితదంట గదా. అయినాక నా అల్లుడు ఆగడు. వాడు ఆగకపోతే నా బిడ్డ బతుకు జైలు గేటు కాడ," అంది ఓబులమ్మ.

మిస్బాకు అప్పుడు అర్థమయింది, ఆఫ్‌సెట్ ఆయుధం ఏందో. బాంబుకు ఖర్చవుద్ది. సైన్యం దాటించాలంటే సరిహద్దుంది. గట్టు జరపడానికి ఏమీ అక్కర్లేదు. ఎనిమిది అడుగులు జరిపి పక్కకు తప్పుకుంటే చాలు, మిగతా పని మనమే చేసుకుంటాం. అన్నదమ్ములు గొడ్డళ్లు తీస్తారు, బావామరుదులు సాక్ష్యాలు చెప్తారు, కులపెద్దలు నూనె పోస్తారు. నలభై ఊళ్లు ట్రయల్. పనిచేస్తే దేశమంతా. మన బుద్ధి మనకంటే వాళ్లకు బాగా తెలుసు. ఇందులో సిగ్గుపడాల్సింది వాళ్లు మాత్రమే కాదు.

తొమ్మిదిన్నరకు తెల్లకారు వచ్చింది. అంకన్న పరిగెత్తి తన వైపు కంప లాగి దారిచ్చినాడు. కారు లోపలికి రాగానే మళ్లీ మూసినాడు. కారులోంచి దిగింది పద్మజ. కంపెనీ అప్లికేషన్ ఇంజనీర్. నల్ల కళ్లద్దాలు, ఎండలో కూడా చెదరని జుట్టు, భుజాన ఖరీదైన బ్యాగు. గట్టు మీద నడుస్తుంటే రెండు తోటల మగవాళ్లూ గొడవ మర్చిపోయి ఒకే దిక్కు చూసినారు. మూడు రోజుల్లో వాళ్లు ఏకమైంది ఆ ఒక్కసారే.

మిస్బా సాఫ్ట్‌వేర్ రానట్టు నటించింది. పద్మజ ఓపిగ్గా నేర్పింది. బడి దగ్గర మొదటి చెక్ పాయింట్ మీద రోవర్ కర్ర నిలబెట్టినారు. నిటారు చూపే నీటి బుడగ మధ్యకొచ్చింది. తెర మీద "ఫిక్స్" అని వచ్చింది, చోటు గట్టిగా దొరికిందని. తెలిసిన కొలతకూ దీనికీ తేడా 0.012 మీటరు. పచ్చ టిక్కు.

రెండో పాయింట్ చెరువు తూము మీద. 0.012. మూడోది దిబ్బ మీద. 0.012.

మిస్బా తెర మీదికి వంగి మూడు అంకెలూ మళ్లీ చదివింది.

మిషన్ పట్టుకున్న ఎవడినైనా అడగండి. ఒకే రాయిని పదిసార్లు కొలిస్తే పది అంకెలొస్తాయి. గాలి కదులుద్ది, చెయ్యి కదులుద్ది, ఆకాశంలో ఉపగ్రహం కదులుద్ది. నిజం ఎప్పుడూ రెండు మూడు మిల్లీమీటర్లు తడబడుద్ది. తడబడకుండా చెప్పేది అప్పజెప్పిన పాఠం. ఆ మూడు పాయింట్ల దగ్గర నీడిల్ కొలవడం లేదు, అప్పజెప్తోంది.

పద్మజ కారు దగ్గరికి పోగానే మిస్బా దిబ్బ మీద పాత సర్వే రాతి స్తంభం దగ్గర టోటల్ స్టేషన్ నిలబెట్టింది. ట్రైపాడ్ కాళ్లు వాలులో కింద రెండు, పైన ఒకటి. బ్లూటూత్ తీసేసింది. టాబ్లెట్ మూసేసింది. పొద్దున్నే అద్దం కట్టి వచ్చిన బడి దగ్గరి రెండో స్తంభాన్ని గురి చూసి, మిషన్ సొంత తెర మీది అంకెలు పెన్సిలుతో రాసుకొని, జిరాక్సు పుస్తకం పక్కన పెట్టి లెక్క కట్టింది. మూడు మిల్లీమీటర్ల తేడా. అదీ మిషన్ మాట. ఆ లెక్కతోనే పాత హద్దు మూల ఎక్కడుండాలో కట్టింది. నీడిల్ గీతకు రెండు మీటర్ల నలభై సెంటీమీటర్లు పడమర.

కాగితం మడుస్తుంటే వెనక నుంచి గొంతు వినపడింది.

"కంది పూతకొచ్చిందా?"

పద్మజ. కళ్లద్దాలు తీసింది. కళ్లలో నీళ్లు.

"మంచు చూసి చెప్తా," అంది మిస్బా.

పద్మజ చెప్పింది మొత్తం నమ్మేలా ఉంది. కరుణాకరం, తను కలిసి పనిచేసినారంట. జీతం ఆఫ్‌సెట్‌ది, మనసు మనది. ఈ జరుపుడును సరిచేసే ప్యాచ్ తయారు చేసిందంట. నాలుగింటికి కంట్రోలర్లో, అంటే సర్వే టాబ్లెట్లో, ఎక్కిస్తే ఐదుకల్లా అన్ని ఊళ్లూ సరయిపోతాయంట. చేతిలో చిన్న పెన్‌డ్రైవ్ పెట్టింది.

"ఎక్కిస్తావు కదా చెల్లీ?"

మిస్బా తల ఊపింది. నమ్మలేదు, నమ్మకుండా ఉండనూ లేకపోయింది. ఆమె నిజంగా మనదే అయితే, ఎక్కించకపోవడం ద్రోహం. కాకపోతే, ఎక్కించడం ద్రోహం. సచివాలయంలో మూలన పడున్న పాత టాబ్లెట్ ఒకటి అడిగి తెచ్చుకొని, దానిలో ప్యాచ్ ఎక్కించి, ఒక్కతే పోయి తూము మీద నిలబడింది.

0.012.

ఇంకోసారి. 0.012.

పచ్చ టిక్కు అంతకంటే పచ్చగా ఉంది. ప్యాచ్ చేసిన పని ఒకటే, మెనూలో కింద ఒక వరుసను మాయం చేసింది. మిస్బా రెండు టాబ్లెట్లూ పక్కపక్కన పెట్టి చూసింది. మాయమైన వరుస "నాలుగో చెక్ పాయింట్, చేత్తో నమోదు."

కరుణాకరం కాయితం వెనక మాట అదే.

నియమం ఇట్ల ఉంది. గట్టుకు రెండు పక్కల రైతులూ వేలిముద్ర వేస్తే ఏ పాత హద్దునైనా నాలుగో చెక్ పాయింట్‌గా చేత్తో ఎక్కించుకోవచ్చు. తేడా ఐదు సెంటీమీటర్లు దాటితే బ్యాచ్ మొత్తం ఆగిపోద్ది. ప్రభుత్వం పట్టుబట్టి పెట్టించిన నియమం. గొడవ పడే ఇద్దరూ ఒకే చోట వేలు పెట్టరని అందరికీ తెలుసు గనక, ఎవరూ వాడలేదు. మూడు పాయింట్ల దగ్గర అబద్ధం నేర్చుకున్న సాఫ్ట్‌వేర్‌కు నాలుగోది నేర్పినవాళ్లు లేరు.

టైం మూడూ యాభై. ఇప్పుడు కావాల్సింది ఓబులమ్మ వేలు. అది ఉంది. అంకన్న వేలు. అదెట్ల?

మిస్బా ఇద్దరినీ గట్టు మీదికి పిలిపించింది. పెన్సిలు లెక్క ప్రకారం టేపు పట్టి ఒక చోట గీత గీసింది. పాత రాయి ఇక్కడుండేదని చెప్పింది. అంకన్న నవ్వినాడు.

"ఏందమ్మా, వాళ్లు ఉపగ్రహం పెట్టి చెప్తే అబద్ధం, నువ్వు పెన్సిలు పెట్టి చెప్తే నిజమా?"

ఓబులమ్మ పార తెమ్మంది. తన అత్త చెప్పేదంట, మూలరాయి పాతేముందు గుంటలో బొగ్గులు, కుండపెంకులు పోసినారని. రాయిని దొంగ పీకొచ్చు, బొగ్గును చెదలు కూడా తినదు. అల్లుడు తవ్వినాడు. మూరెడు లోతు. ఎర్రమట్టి. మోకాలి లోతు. సుద్ద. బొగ్గు లేదు. అల్లుడు పార పారేసి గొడ్డలి వైపు చూసినాడు.

నాలుగూ ముప్పై ఐదు.

అంకన్న గుంటలోకి చూస్తూ నిలబడినాడు. అతని బోరు పోయిన వేసవిలో ఎండిపోయింది. రెండొందల చెట్లకు ట్యాంకరు నీళ్లు పోస్తున్నాడు. ఈ సాయంత్రం నోరు మూసుకొని ఉంటే చాలు, పక్కనే నీళ్లు. మిస్బా ఏమీ అడగలేదు. అడిగితే మొండికేస్తాడని తెలుసు.

పద్మజ గట్టు మీదికి వస్తూ కనిపించింది.

"ఇంకా లోతు," అన్నాడు అంకన్న, ఎవరి మొహమూ చూడకుండా. "తొడ దాకా తవ్వాల. నాకప్పుడు ఎనిమిదేండ్లు. బొగ్గుల గంప నేను, అన్న మోసుకొచ్చినాం. రాయి నిలబెట్టినాక నాయన నా చెంప మీద ఒకటి పీకినాడు. ఎందుకు నాయనా అని ఏడిస్తే, ఇది మర్చిపోవు గదా, అందుకు అన్నాడు."

అల్లుడు మళ్లీ పార పట్టినాడు.

తొడ లోతున మట్టి నల్లగా వచ్చింది. బొగ్గులు. పెంకులు. గీత గీసిన చోట నుంచి నాలుగు వేళ్లు కూడా పక్కకు లేవు.

మిస్బా ప్యాచ్ ఎక్కించని కంట్రోలర్లో నాలుగో పాయింట్ తెరిచింది. పెన్సిలు అంకెలు ఎక్కించింది. వేలిముద్ర మిషన్ పట్టుకుంది. ఓబులమ్మ వేలు మొదటిసారికే పట్టింది. అంకన్న వేలు పెట్టినాడు. ఎర్ర లైటు. మళ్లీ పెట్టినాడు. ఎర్ర లైటు. పార పట్టి, రాళ్లు ఎత్తి అరిగిపోయిన వేలు. రేషన్ దుకాణంలో కూడా ఇదే తిప్పలు. మూడోసారి కాకపోతే పాయింట్ క్యాన్సిల్.

నూనె తగిలితే ముద్ర పడుద్దని అంకన్న వేలిని తన తలకు రుద్దుకోబోయినాడు. బోడి తల. నూనె లేదు, జుట్టూ లేదు.

మూడు రోజులుగా మరిదితో మాట్లాడని ఓబులమ్మ అతని చెయ్యి పట్టుకొని తన తల మీద పెట్టుకుంది.

"రుద్దు. పొద్దున్నే కొబ్బరినూనె పెట్టినా."

వదిన తల మీద చెయ్యి. అంకన్న కళ్లు దించుకున్నాడు. రుద్ది, వేలు పెట్టినాడు. పచ్చ లైటు.

నాలుగూ యాభై నాలుగు. మిస్బా రోవర్ కర్రను గుంటలో దింపింది. బుడగ మధ్యకొచ్చింది. తెర మీద "ఫిక్స్" రావాలి. రాలేదు. "ఫ్లోట్" అంది. అంటే సిగ్నల్ తేలుతోంది, కొలత నమ్మొద్దని. మిస్బా ఆకాశం చూసింది. మబ్బు లేదు, చెట్టు లేదు. పక్కన పద్మజ, బ్యాగు రెండు చేతులతో పట్టుకొని.

"సిగ్నల్ ప్రాబ్లమ్ చెల్లీ. ఈ ఏరియాలో మామూలే."

"పొద్దున లేదే."

"పొద్దున మంచు, ఇప్పుడు ఎండ," అంది పద్మజ.

మిస్బా కర్రను అల్లుడికి ఇచ్చి, ఒక్క అడుగు వేసి, పద్మజ భుజం మీది బ్యాగు లాగి బోరు పక్క సిమెంటు తొట్టిలోకి విసిరింది. బ్యాగు మునిగింది. సిగ్నల్‌కు అడ్డుపడే జామర్ ఒకటి, పవర్ బ్యాంకులా ఉండేది, బుడగలు వదిలి చచ్చిపోయింది. తెర మీద "ఫిక్స్."

నాలుగూ యాభై తొమ్మిది. మిస్బా నొక్కింది.

2.412.

తెర ఎర్రబడింది. "బ్యాచ్ నిలిపివేయబడింది. నలభై గ్రామాలు. పునఃపరిశీలన."

ఆ వెంటనే ఐదయింది. ఏమీ లాక్ కాలేదు.

పద్మజ పరిగెత్తి కారెక్కింది. దోర్నాల చెక్‌పోస్టు దాటితే శ్రీశైలం అడవి, ఆపైన దొరకదు. కారు బండిదారి చివరికి పోయి ఆగింది. ముళ్ల కంప. వెనక్కి తిప్పింది. ఆ చివరా ముళ్ల కంప. ఆమె పెట్టించిన గొడవే ఆమెకు గేటు వేసింది. పొద్దున తీసినవాడు అంకన్న. అంకన్న గట్టు మీద కూర్చొని బీడీ వెలిగించినాడు.

"దారి తియ్యి అంకన్నా," అని అరిచింది పద్మజ.

"సర్వే తేలేదాకా తీయను మేడం. మీరే గదా ఈ దారి నాదని చెప్పింది," అన్నాడు అంకన్న.

మిస్బా మధ్యాహ్నమే కబురు పెట్టిన జీవరత్నం జీపు కంప అవతల వచ్చి ఆగింది. కరుణాకరం దగ్గర గుర్తుమాట తీసుకొని ఆయన్ను బండిలోంచి తోసింది ఆమేనని తేలడానికి ఎక్కువ సేపు పట్టలేదు. ఆమె ఫోన్లో ఆ మాట ఉంది, కురిచేడు బండి టికెట్టూ ఉంది, కరుణాకరం పోయిన తారీకుది. కరుణాకరం చెప్పిన "మన మనిషి" ఆమేనంట. చివరిదాకా నమ్మినాడు పాపం.

వారం తర్వాత మిస్బా శుభ్రమైన సాఫ్ట్‌వేర్‌తో మళ్లీ వచ్చింది. రాయిని బొగ్గుల మీదే పాతినారు. మొదటిసారి కొలిస్తే తేడా నాలుగు మిల్లీమీటర్లు. రెండోసారి రెండు. మూడోసారి మూడు. తడబడుతున్న అంకెలు చూసి మిస్బాకు ప్రాణం లేచొచ్చింది. బోరు ఓబులమ్మదే. అంకన్న చెట్లకు రెండు రోజులకొక తడి ఇస్తానని ఓబులమ్మ పదిమంది ముందర ఒప్పుకుంది. అంకన్న కొడుకు పైపు కూడా తెచ్చినాడు.

సామాన్లు సర్దుతుంటే అంకన్న గొంతు సవరించుకొని అడిగినాడు, ఆ మూడు మిల్లీమీటర్లు ఎవరి పక్కకొస్తాయని.

మిస్బా జవాబు చెప్పేలోపల ఓబులమ్మ కొంగు నడుముకు చుట్టింది.

"నీళ్లిస్తానన్నా. మూడు మిల్లీమీటర్లు ఇస్తానన్లేదు."